బాధేమీ లేదు, ఆపరేషన్ మాత్రం చేయించుకోమంటున్నారు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో పుట్టుకతోనే గుండె కవాటంలో తేడా ఉన్నవాళ్లవి, వాళ్ల ఇంట్లోవాళ్లవి ఎక్కువగా ఉన్నాయి. దాదాపు అందరి రిపోర్టులోనూ కనిపించే మాట ఒకటే, బైకస్పిడ్ అయోర్టిక్ వాల్వ్, అంటే గుండె నుంచి ఒంటికి రక్తం వెళ్లే దారిలోని కవాటానికి మూడు రెక్కలకు బదులు రెండే ఉండటం. అందుకే మిగతా ఉత్తరాలు పక్కన పెట్టి ఈ సంచిక మొత్తం వీటికే ఇచ్చేశాను.

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 36. ఖమ్మం దగ్గర ఎరువుల షాపు నడుపుతున్నాను. కొన్నేళ్ల క్రితం ఇన్సూరెన్స్ కోసం చేసిన పరీక్షల్లో గుండెలో ఏదో శబ్దం వస్తోందన్నారు. ఎకో తీస్తే అయోర్టిక్ వాల్వుకి మూడు రెక్కలు ఉండాల్సింది రెండే ఉన్నాయని, పుట్టుకతోనే వచ్చిందని తేలింది. మందులక్కర్లేదు, ఏటా ఎకో తీయించుకోమన్నారు. మధ్యలో కరోనా, తర్వాత వ్యాపారం గొడవలు, కొన్నాళ్లు అటువైపే వెళ్లలేదు. మొన్న తీయిస్తే వాల్వు బాగా బిగుసుకుపోయింది, ఆపరేషన్ చేయాలన్నారు. మీన్ గ్రేడియంట్ 46, వేగం 4.3, ఏరియా 0.8, ఈఎఫ్ 60, మహాధమని 42 మి.మీ. అని రాశారు. హైదరాబాద్‌లో ఇంకో డాక్టర్ గారేమో లక్షణాలు లేకపోతే కొన్నాళ్లు ఆగొచ్చన్నారు. నాకైతే ఏ బాధా లేదు. షాపు పని మొత్తం చూసుకుంటున్నాను. ఇదివరకు యూరియా బస్తాలు నేనే దింపేవాణ్ణి, ఈమధ్య బరువు పెరిగి ఆయాసం వస్తోందని ఒక కుర్రాణ్ణి పెట్టుకున్నా, అంతే. మా బావమరిది ఏదో ఆకుపసరుతో వాల్వు మెత్తబడుతుందంటున్నాడు. ఛాతీ కోయించుకోవాలంటే నిజంగా భయంగా ఉంది. తప్పదంటే ఏ వాల్వు వేయించుకోవాలి?

జవాబు: మీ ఉత్తరంలో నన్ను ఆపింది ఆ అంకెలు కాదు, యూరియా బస్తా. ఏ బాధా లేదన్న రెండు వాక్యాలకే, ఆయాసం వస్తోంది కాబట్టి బస్తాలు దింపడం మానేశాను అని మీరే రాశారు. ఈ జబ్బు ఉన్నవాళ్లలో చాలామంది చేసేది ఇదే. వాల్వు ఏళ్ల తరబడి నెమ్మదిగా బిగుసుకుంటుంది కాబట్టి మనిషి కూడా అంతే నెమ్మదిగా తన పనులు తగ్గించుకుంటూ పోతాడు, మెట్లు మాని లిఫ్టు ఎక్కుతాడు, నడిచే దూరానికి బండి తీస్తాడు, పెళ్లి ఊరేగింపులో ముందు నడిచేవాడు వెనకబడతాడు, అడిగితే మాత్రం నాకేం సార్ బాగానే ఉన్నా అంటాడు. అబద్ధమాడటం కాదది, నిజంగానే తెలియదు. అందుకే నేను పేషెంటుని ఒక్కణ్ణే అడగను, పక్కన కూర్చున్న భార్యను అడుగుతా, రెండేళ్ల క్రితం ఈయన చేసిన పనుల్లో ఇప్పుడు చేయనివి ఏంటమ్మా అని. ఈ ప్రశ్న మీ ఇంట్లో ఈ రాత్రికే అడిగి చూడండి.

ఇక అంకెలు. ఈ వాల్వు పూర్తిగా తెరుచుకుంటే దారి 3 నుంచి 4 చదరపు సెంటీమీటర్లు ఉంటుంది, మీకు 0.8 మిగిలింది. 1 కంటే తక్కువైనా, మీన్ గ్రేడియంట్, అంటే వాల్వుకి అటూ ఇటూ ఉండే ఒత్తిడిలో సగటు తేడా, 40 చేరినా, రక్తం వేగం సెకనుకు 4 మీటర్లు దాటినా సివియర్ కిందే లెక్క. మీకు మూడూ దాటాయి, కాబట్టి రిపోర్టు మీద అనుమానం అక్కర్లేదు. ఈఎఫ్ 60 ఉందిగా, గుండె బాగానే ఉన్నట్టేగా అంటారు చాలామంది. ఈఎఫ్, అంటే గుండె ఒక్కో దెబ్బకు బయటికి తోసే రక్తం శాతం, ఆఖర్న పడేది. అప్పటిదాకా గుండె కండరం మందమై ఎలాగోలా నెట్టుకొస్తుంది.

మీ ఇద్దరు డాక్టర్లూ ఒకరినొకరు తప్పు పట్టడం లేదని నా ఉద్దేశం. వాల్వు సివియర్‌గా ఉండి లక్షణాలు నిజంగానే లేనివాళ్లలో హఠాత్తుగా ప్రాణం పోయే ప్రమాదం ఏడాదికి నూటికి ఒకరి దగ్గర ఉంటుంది, మీ వయసువాళ్లకు ఈ ఆపరేషన్‌లో రిస్కు కూడా అనుభవమున్న చోట నూటికి ఒకటీ రెండు. రెండూ దగ్గరదగ్గరగా ఉన్నాయి కాబట్టే ఆగొచ్చన్న మాట వచ్చింది. అయితే ఆయాసం, ఛాతీనొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం, వీటిలో ఒక్కటి మొదలైనా లెక్క మొత్తం మారిపోతుంది, ఆపరేషన్ లేకుండా రెండు మూడేళ్లు గడిచేసరికి సగం మంది మిగలరు. పైగా లక్షణాలు లేకపోయినా వాల్వు మరీ బిగుసుకున్నవాళ్లకు ముందే ఆపరేషన్ చేస్తే మేలని దక్షిణ కొరియా డాక్టర్లు 2019లో ఒక అధ్యయనంలో చూపించాక ఆగుదాం అనేవాళ్లు తగ్గుతున్నారు. మీ విషయంలో తేల్చాల్సిందల్లా ఆ ఆయాసం వాల్వుదా, బరువుదా అన్నది. గుండె డాక్టర్ పక్కనే నిలబడి, బీపీ చూసుకుంటూ చేసే ట్రెడ్‌మిల్ పరీక్షలో అది చాలావరకు బయటపడుతుంది. నడుస్తుంటే పెరగాల్సిన బీపీ పడిపోతే ఇంక చర్చ అనవసరం. ఒక హెచ్చరిక, ఆయాసం వాల్వువల్లే అని స్పష్టంగా తెలిసిపోతే ఆ పరీక్ష చేయకూడదు, ఆ బస్తాల సంగతి మీ డాక్టర్‌కి ముందే చెప్పండి. నన్నడిగితే మాత్రం మీరు ఆగే దశ దాటారు, ఈ కొద్ది నెలల్లో చేయించుకోవడమే మంచిది.

మహాధమని 42 అన్నారు. రెండు రెక్కల వాల్వు ఉన్నవాళ్లలో చాలామందికి దాని పైనుండే ధమని కూడా ఉబ్బుతుంది, అది మరీ పెద్దదైతే లోపలి పొర చీలిపోతుంది. దాని కోసమే ఆపరేషన్ అంటే 55 మి.మీ., ఇంట్లో ఎవరికైనా అలా చీలిన చరిత్ర ఉంటే 50 దగ్గర. వాల్వు కోసం ఎలాగూ ఛాతీ తెరుస్తున్నారు కాబట్టి 45 ఉంటే దాన్నీ మార్చేస్తారు. మీకు 42 కాబట్టి బహుశా వదిలేస్తారు. ఆపరేషన్‌కి ముందు సీటీలో ఒకసారి సరిగ్గా కొలిపించుకోండి, ఎకోలో రెండు మూడు మిల్లీమీటర్లు అటూ ఇటూ అవుతుంటాయి.

ఆకుపసరు సంగతి. రాయిలా గట్టిపడిన కాల్షియాన్ని కరిగించే మందు ఇప్పటిదాకా లేదు, ఇంగ్లిషు మందుల్లోనూ లేదు. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్లతో ఇది ఆగుతుందేమోనని పెద్ద అధ్యయనాలే చేశారు, 2008లో వచ్చిన సీస్ వాటిలో ఒకటి, ఆగలేదు. మీ బావమరిది ప్రేమకొద్దీ చెప్పాడు, ఆయన్ని నొప్పించకుండా పక్కన పెట్టేయండి.

ఏ వాల్వు అన్నది మాత్రం మీరు డాక్టర్‌తో కూర్చుని తేల్చుకోవాల్సిందే. లోహపు వాల్వు అరగదు, కానీ రక్తం గడ్డకట్టకుండా జీవితాంతం ఎసిట్రామ్‌లాంటి మాత్ర వేసుకోవాలి, మొదట్లో వారం వారం, తర్వాత నెలకోసారి ఐఎన్ఆర్, అంటే రక్తం ఎంత నెమ్మదిగా గడ్డకడుతోందో చూసే పరీక్ష, చేయించుకోవాలి. త్రివేండ్రంలోని శ్రీ చిత్ర సంస్థలో డాక్టర్ వలియత్తాన్ ఆధ్వర్యంలో తయారై 1990లో మొదటిసారి మనిషికి అమర్చిన చిత్ర వాల్వు ఈ రకమే, దిగుమతి వాల్వులతో పోలిస్తే చవక, మన దగ్గర బాగా వాడతారు. జంతువుల కణజాలంతో చేసిన టిష్యూ వాల్వుకి మాత్ర గోల కొన్ని నెలలతో పోతుంది, కానీ పది పదిహేనేళ్లకు పాడవుతుంది, వయసు తక్కువైతే ఇంకా తొందరగా. 36లో వేయించుకుంటే 50 దాటకముందే రెండో ఆపరేషన్ అన్నమాట. అందుకే 50 లోపు వాళ్లకు సాధారణంగా లోహపుదే సూచిస్తారు. మూడోది రాస్ ఆపరేషన్, 1967లో లండన్‌లో డోనల్డ్ రాస్ మొదలుపెట్టాడు, ఊపిరితిత్తుల వైపు రక్తం వెళ్లే దారిలో ఉండే మీ పల్మనరీ వాల్వునే తీసి ఇక్కడ పెట్టి, దాని స్థానంలో ఇంకోటి వేస్తారు. బాగా కుదిరితే మంచి ఆపరేషనే, కాకపోతే ఒక వాల్వు సమస్య రెండు వాల్వుల సమస్య అవుతుంది, అది తరచూ చేసే సర్జన్ దొరికితేనే ఆలోచించండి.

భయం గురించి రెండు మాటలు. మధ్య ఎముకను కోసి, గుండెను ఆపి, ఆ పని మిషన్‌కి అప్పగించి వాల్వు మారుస్తారు, తర్వాత ఎముకను స్టీలు తీగలతో కట్టేస్తారు. ఆ ఎముక అతకడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు. అప్పటిదాకా బరువులొద్దు, బైకొద్దు, దగ్గొస్తే దిండు ఛాతీకి హత్తుకుని దగ్గాలి. చాలామంది వారం పది రోజుల్లో ఇంటికెళ్తారు. లోహపు వాల్వు వేయించుకున్నవాళ్లకు రాత్రి ఫ్యాను ఆపితే లోపల్నుంచి టిక్కు టిక్కుమని వినిపిస్తుంది, మొదట్లో నిద్ర పట్టదు, తర్వాత అలవాటైపోతుంది.

ప్రశ్న: అయ్యా, మాది రాజమండ్రి. మా అమ్మాయికి 24 ఏళ్లు, ఇదే వాల్వు జబ్బు, మోడరేట్ అన్నారు. సంబంధాలు చూస్తున్నాం. పెళ్లివాళ్లకు చెప్పొద్దని మా ఆడపడుచు అంటోంది, చెబితే ఒక్క సంబంధమూ నిలబడదట. పిల్లలు పుడతారా? కడుపుతో ఉన్నప్పుడు నేనేమైనా తినకూడనిది తిన్నానా, గ్రహణంలో బయటికొచ్చానా అని రాత్రుళ్లు ఆలోచిస్తున్నాను.

జవాబు: చివరి ప్రశ్నకు ముందు జవాబు చెప్తానమ్మా. మీరేమీ చేయలేదు. నూటికి ఒకరిద్దరు ఈ వాల్వుతోనే పుడతారు, పుట్టుకతో వచ్చే గుండె లోపాల్లో ఎక్కువగా కనిపించేది ఇదే. గ్రహణానికీ దీనికీ సంబంధం లేదు. బిడ్డ కడుపులో పడ్డ తొలి వారాల్లోనే, చాలామందికి నెల తప్పిన సంగతి కూడా సరిగ్గా తెలియకముందే, గుండె రూపుదిద్దుకోవడం మొదలవుతుంది.

పెళ్లివాళ్లకు చెప్పాలా అంటే, చెప్పాలి. నీతులు చెప్పడానికి కాదు. కడుపుతో ఉన్నప్పుడు ఒంట్లో రక్తం దాదాపు సగం మేర పెరుగుతుంది, గుండె మీద పని పెరుగుతుంది. ఆర్నెల్ల కడుపుతో అమ్మాయి ఆయాసపడుతుంటే అత్తగారికి విషయం తెలిస్తే గుండె డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తుంది, తెలియకపోతే అందరికీ ఉండేదేగా అని పడుకోబెడుతుంది. దాచిపెడితే ఆ నెలల్లో అమ్మాయి తన మందుల చీటీ కూడా దాచుకోవాల్సొస్తుంది. సంబంధం మాట్లాడేటప్పుడు మొదటి రోజే చెప్పనక్కర్లేదు, ఇరువైపులా నచ్చి ముందుకెళ్దాం అనుకున్నప్పుడు, లగ్నపత్రికకు ముందు, అబ్బాయినీ వాళ్ల అమ్మానాన్ననూ కూర్చోబెట్టి రిపోర్టు చూపించి చెప్పండి. కావాలంటే అబ్బాయిని మీ డాక్టర్ దగ్గరికే తీసుకెళ్లండి, బంధువు నోటి వెంట వినేదానికీ డాక్టర్ నోటి వెంట వినేదానికీ తేడా ఉంటుంది. విని వెళ్లిపోయేవాళ్లు ముందే వెళ్లిపోవడం మంచిదే.

మోడరేట్ బిగుతుతో, ఆయాసం లేకుండా, మహాధమని పెద్దగా ఉబ్బకుండా ఉంటే చాలామంది బిడ్డను క్షేమంగానే కంటారు. కాకపోతే కడుపు పండాక కాదు, ముందే ఎకో, వ్యాయామ పరీక్ష, ధమని కొలత చూపించుకోవాలి. ఒకవేళ పెళ్లయ్యేలోపు వాల్వు మార్చాల్సొస్తే సర్జన్‌తో మొదటి మాటే పిల్లల గురించి మాట్లాడండి. లోహపు వాల్వు మాత్రలు తొలి మూడు నెలల్లో బిడ్డకు హాని చేయొచ్చు, మానేస్తే వాల్వు మీద గడ్డ కట్టి తల్లి ప్రాణానికే ముప్పు. అందుకే పిల్లలు కావాలనుకునే ఆడపిల్లలకు, ఎప్పటికైనా రెండో ఆపరేషన్ తప్పదని తెలిసీ, టిష్యూ వాల్వు వైపు మొగ్గుతుంటారు. పుట్టబోయే బిడ్డకు ఈ వాల్వు వచ్చే అవకాశం పదిమందిలో ఒకరికి. అయిదో నెలలో బిడ్డ గుండెకు ఎకో తీస్తారు, పెద్ద లోపాలేమైనా ఉంటే అప్పుడే తెలుస్తాయి.

ప్రశ్న: సర్, నేను వరంగల్‌లో బీటెక్ చదువుతున్నా, 19 ఏళ్లు. బైకస్పిడ్ వాల్వ్, మైల్డ్ లీక్ అన్నారు. ధమని నార్మల్. జిమ్ మానేయాలా? మా ఊళ్లో డాక్టర్ 21 రోజులకోసారి పెనిడ్యూర్ ఇంజెక్షన్ చేయించుకోమన్నారు, అది చాలా నొప్పి.

జవాబు: మానేయొద్దు. మైల్డ్ లీకు, మామూలు ధమని ఉన్నవాళ్లు క్రికెట్ ఆడొచ్చు, పరుగెత్తొచ్చు, జిమ్‌కీ వెళ్లొచ్చు. ఊపిరి బిగబట్టి, మొహం ఎర్రబడేంత బరువులెత్తే పోటీలు మాత్రం వద్దు, ఆ క్షణంలో బీపీ ఎంత పైకి పోతుందో నువ్వు ఊహించలేవు. జిమ్‌లో ఎవరో ఇచ్చే ఇంజెక్షన్లు, పౌడర్లు అసలే వద్దు. జిమ్ కుర్రాళ్ల దేవుడు ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగర్‌కి కూడా పుట్టుకతో ఇదే వాల్వు, 1997లో మొదటి ఆపరేషన్, తర్వాత 2018లో, 2020లో మళ్లీ వాల్వులు మార్చారు. మొదటి ఆపరేషన్ తర్వాత కూడా సినిమాలు చేశాడు, కాలిఫోర్నియాకి గవర్నర్ అయ్యాడు.

పెనిడ్యూర్ సంగతి నీ గుండె డాక్టర్‌ని గట్టిగా అడుగు. అది చిన్నప్పుడు గొంతునొప్పి, కీళ్లనొప్పులతో మొదలయ్యే రుమాటిక్ జ్వరం వల్ల వాల్వు దెబ్బతిన్నవాళ్లకు ఇచ్చేది. మన దగ్గర ఆ జబ్బు ఎక్కువ కాబట్టి వాల్వు అనగానే చెయ్యి అటే పోతుంది. నీది నిజంగా పుట్టుకతో వచ్చిందే అయితే ఆ సూదితో పనిలేదు. అంతలో నువ్వు చేయాల్సిన పని ఒకటుంది, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, అమ్మానాన్నలకు ఒక్కసారి ఎకో తీయించు. ఒక్కొక్కరికీ ఉండే అవకాశం పదిలో ఒకటి, మగవాళ్లలో ఇంకాస్త ఎక్కువ. చేయిస్తున్నప్పుడు నీ చేతి బీపీతో పాటు కాలి బీపీ కూడా చూడమను, ఈ వాల్వుతో పాటు మహాధమని ఒకచోట సన్నబడి ఉండే లోపం కూడా కొందరిలో ఉంటుంది, కాలి బీపీ చూడక అది ఏళ్ల తరబడి దొరకదు.

ప్రశ్న: నేను డాలస్‌లో ఉంటాను. నాన్నగారు తెనాలిలో, 71 ఏళ్లు. రెండు రెక్కల వాల్వు, సివియర్. ఛాతీ కోయకుండా తొడ దగ్గర నుంచి వాల్వు వేస్తారటగా, అదే చేయించాలని నా పట్టుదల. ఆయనేమో ఏదీ వద్దంటున్నారు.

జవాబు: మీరు చెప్పేది టావి. 2002లో ఫ్రాన్స్‌లో ఆలన్ క్రిబియే మొదట చేశాడు, ఇప్పుడు హైదరాబాద్, విజయవాడ, విశాఖలోనూ చేస్తున్నారు. 71 ఏళ్ల మనిషికి మంచి దారే, కాకపోతే మొదట్లో జరిగిన పెద్ద అధ్యయనాల్లో బైకస్పిడ్ వాళ్లను పక్కన పెట్టేశారు. కారణం, ఆ వాల్వు నోరు గుండ్రంగా కాకుండా కోలగా ఉంటుంది, కాల్షియం ఒకవైపు ముద్ద కట్టి ఉంటుంది, కొత్త వాల్వు సరిగ్గా విచ్చుకోక పక్కల నుంచి లీకవచ్చు, పేస్‌మేకర్ కూడా అవసరం పడొచ్చు. ఇది మీ పట్టుదలతో తేలదు, సీటీ స్కాన్‌తో తేలుతుంది. సీటీ చూసి సర్జన్, టావి చేసే కార్డియాలజిస్టు ఇద్దరూ కలిసి చెప్పే చోటికి తీసుకెళ్లండి, ధమని ఉబ్బి ఉంటే మాత్రం ఆపరేషనే. ఇక ఆయన వద్దనడం. వీడియో కాల్‌లో వాదించకండి. ఆయన ఏ పనికి దూరమైపోయారో, గుడికి నడవడమా, చేలో తిరగడమా, దాని గురించి అడగండి. ఆపరేషన్ వద్దనే పెద్దవాళ్లు చాలామంది భయపడేది చావుకి కాదు, మంచాన పడి ఇంకొకరికి బరువవుతామేమోనని.

ప్రశ్న: అనంతపురం జిల్లా. కూలి పని. ఆపరేషన్‌కి లక్షలు కావాలంటున్నారు, ఎకరం అమ్ముదామనుకుంటున్నాం.

జవాబు: అమ్మకండి. మీ జిల్లా పక్కనే పుట్టపర్తిలో సత్యసాయి ఆసుపత్రి 1991 నుంచి గుండె ఆపరేషన్లు ఉచితంగా చేస్తోంది, పాత రిపోర్టులన్నీ తీసుకుని ముందు అక్కడికి వెళ్లండి. తెల్లకార్డు ఉంటే ఎన్టీఆర్ వైద్య సేవలో వాల్వు మార్పిడి ఉంది, తిరుపతి స్విమ్స్‌లాంటి పెద్ద ఆసుపత్రిలో ఆ పథకం కౌంటర్ దగ్గర ఆధార్, కార్డు, ఎకో చూపించండి. తెలంగాణ వాళ్లకు ఆరోగ్యశ్రీలో కూడా ఉంది, 2023 డిసెంబరు నుంచి పరిమితి పది లక్షలు. ఒక మాట ముందే అడిగి ఉంచుకోండి, ఆపరేషన్ తర్వాత మాత్రలు, ఐఎన్ఆర్ పరీక్షలు ఎవరు భరిస్తారని. అది నెలనెలా ఉండే ఖర్చు.

ప్రశ్న: లోహపు వాల్వు వేసి ఏడాదయింది. గోంగూర, తోటకూర ముట్టుకోవద్దన్నారు మా ఇంటి పక్కావిడ. పన్ను పీకించుకోవాలి, ఎసిట్రామ్ ఆపేయాలా? నిన్నటి నుంచి కాస్త జ్వరం.

జవాబు: ఆకుకూరల్లో ఉండే విటమిన్ కె ఆ మాత్రను బలహీనం చేస్తుంది, నిజమే, కానీ మానేయమని కాదు. వారానికి రెండుసార్లు తినేవారైతే ఎప్పుడూ రెండుసార్లే తినండి. నెలంతా మానేసి పండక్కి గోంగూర పచ్చడి కడుపునిండా తింటే అప్పుడు ఐఎన్ఆర్ తలకిందులవుతుంది. మీ వాల్వుకి సాధారణంగా 2 నుంచి 3 మధ్య ఉండాలి. ఒళ్లునొప్పులకు మెడికల్ షాపులో డైక్లోఫెనాక్ అడిగి వేసుకోకండి, రక్తస్రావమవుతుంది. పరీక్షలక్కర్లేకుండా రక్తం పల్చబరిచే కొత్త మాత్రలున్నాయని ఎవరైనా చెప్పినా మార్చకండి, లోహపు వాల్వుకి అవి పనికిరావని ప్రయోగాల్లో తేలింది.

పన్ను కోసం మాత్ర మీ అంతట మీరు ఆపొద్దు. ఐఎన్ఆర్ హద్దులో ఉంటే ఒక పన్నుకి సాధారణంగా ఆపక్కర్లేదు. వాల్వు ఉందని పళ్ల డాక్టర్‌కి కుర్చీలో కూర్చోకముందే చెప్పండి, పీకడానికి గంట ముందు ఒక డోసు యాంటీబయాటిక్ ఇస్తారు.

అయితే పన్నుకంటే ముందు ఆ జ్వరం చూడాలి. వాల్వు ఉన్నవాళ్లకు జ్వరమొస్తే ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర యాంటీబయాటిక్ సూది వేయించుకోకండి, పారాసెటమాల్ మాత్రం వేసుకుని ఆపరేషన్ చేసిన చోటికి ఫోన్ చేయండి. వాల్వు మీద ఇన్ఫెక్షన్ చేరిందా లేదా అన్నది ముఖ్యంగా బ్లడ్ కల్చర్‌లో, అంటే రక్తంలోని క్రిమిని పెంచి చూసే పరీక్షలో, తెలుస్తుంది, యాంటీబయాటిక్ ముందే పడితే ఆ క్రిమి పరీక్షకు దొరకదు. రక్తం తీశాకే మందు మొదలుపెట్టమని మీరే అడగండి.